బరువు తగ్గితే గురక తగ్గుతుందా? ముందు మీ గురకను మీరు వినండి

గురక పెట్టేవాడికి తన గురక వినిపించదు. మా ఇంట్లో నేనూ "నేనా? గురకా?" అని దబాయించేవాణ్ణి. ఒక రాత్రి మా ఆవిడ ఫోన్‌లో రికార్డు చేసి పొద్దున కాఫీతో పాటు వినిపించింది. మోటారు బండిలా సాగుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్క ఉదుటున ఊపిరి. "పద్నాలుగు సెకన్లు. లెక్కపెట్టాను," అంది. దబాయింపు ఆ పూటతో సరి.

అందుకే మీరూ ముందు రెండు మూడు రాత్రులు రికార్డు చేసుకోండి.

సమస్య: బరువు పెరిగాకే గురక మొదలైంది

కారణం: కొవ్వు పొట్ట దగ్గరే ఆగదు. మెడలో, గొంతు గోడల్లో, చివరికి నాలుకలో కూడా చేరుతుంది. నిద్రలో కండరాలు వదులవుతాయి కాబట్టి అసలే ఇరుకైన దారి ఇంకా ఇరుకవుతుంది. అందులోంచి గాలి దూరేటప్పుడు మెత్తటి అంగిలి, కొండనాలుక అదిరి చప్పుడొస్తుంది. పైగా వెల్లకిలా పడుకుంటే బొజ్జ ఊపిరితిత్తులను పైకి నొక్కుతుంది. చేతులూ కాళ్లూ సన్నగానే ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మన బాపతు మనుషులు "నేనేం లావు లేనుగా" అనుకోవడం ఇక్కడే తప్పు.

తూకం కన్నా దర్జీ టేపు నమ్మండి. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటినా, మెడ మగవాళ్లకు 17 అంగుళాలు, ఆడవాళ్లకు 16 దాటినా అనుమానించాల్సిందే. చొక్కా పై గుండీ పట్టకపోవడం కూడా ఒక కొలతే.

పరిష్కారం: ఉన్న బరువులో పదో వంతు తగ్గడం మంచి లక్ష్యం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కొన్నేళ్లపాటు జనాన్ని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, 10 శాతం బరువు తగ్గినవాళ్లకు నిద్రలో ఊపిరికి అడ్డంకులు సుమారు 26 శాతం తగ్గాయి. అంతే బరువు పెరిగితే 32 శాతం పెరిగాయి.

నేను రాత్రి భోజనంతో మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకు తినే అన్నం ఏడున్నరకు జరిగింది. పప్పూ కూరా ఎక్కువ, అన్నం ఒక్క గరిటె. పొద్దున నలభై నిమిషాల నడక. వారానికి అరకిలో తగ్గితే చాలు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా తిండి తగ్గించొద్దు.

సమస్య: బరువు తగ్గింది, గురక మాత్రం అలాగే ఉంది

కారణం బరువు కాకపోవచ్చు. ఒక ముక్కు రంధ్రం మూసి రెండో దానితో గాలి పీల్చి చూడండి. ఒకవైపు ఎప్పుడూ బిగుసుకునే ఉంటే ముక్కు దూలం వంకరో, అలర్జీయో, కండ పెరగడమో ఈఎన్‌టీ డాక్టర్ చూసి చెప్పాలి. వెల్లకిలా పడుకున్నప్పుడే గురక వస్తుంటే పక్కకు తిరిగి పడుకోవడమే మందు. బనియన్ వీపు మీద జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవడం పాత చిట్కా. నవ్వొచ్చినా, కొందరికి బాగా పనిచేస్తుంది. మద్యం తాగిన రాత్రే మోత ఎక్కువగా ఉంటే కారణం మీకే తెలుసు. నిద్రమాత్రలూ గొంతును అలాగే వదులు చేస్తాయి.

సమస్య: ఎంత కడుపు కట్టుకున్నా బరువే తగ్గట్లేదు

థైరాయిడ్ పరీక్ష చేయించండి. అది మందగిస్తే బరువూ పెరుగుతుంది, గురకా వస్తుంది. రెండో సంగతి, రాత్రంతా నిద్ర తెగుతుంటే పగలు ఆకలి ఎక్కువ, కదలడానికి ఓపిక తక్కువ. ఇలాంటప్పుడు ముందు నిద్ర బాగుపడాలి, బరువు తర్వాత.

సమస్య: గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది, పగలు కునుకు వస్తోంది

ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. "బరువు తగ్గాక చూద్దాంలే" అని వాయిదా వేయొద్దు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు, బండి నడిపేవాళ్లు. పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టర్ని) కలిసి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, చేయించుకోండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో అందులో లెక్క వస్తుంది. 5 నుంచి 15 లోపు తక్కువ తీవ్రత, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. మాస్కులోంచి గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే సీప్యాప్ మెషిన్ ఎక్కువగా సూచిస్తారు. బరువు తగ్గే పని దానితో పాటే సాగాలి. తగ్గాక మళ్లీ పరీక్ష చేయించాలే తప్ప, మెషిన్ సొంతంగా ఆపకూడదు.

నాకు మొదటి పరీక్షలో ఆ లెక్క గంటకు 22 వచ్చింది. ఎనిమిది నెలల్లో 88 కిలోల నుంచి 79కి దిగాక 14. మెషిన్ ఇంకా మంచం పక్కనే ఉంది. మా ఆవిడ మాత్రం రికార్డు చేయడం మానేసింది, నాకంటే ముందే నిద్రపోతోంది.