టిక్కు పడ్తలేదా? ఏజెంట్ రియాక్షన్ టూల్: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడ రైస్ మిల్లు ఒకటి అనుకుందాం. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ నుంచి లారీ వచ్చినప్పుడల్లా గుమాస్తా డిస్కార్డ్ అనే చాట్ యాప్ చానెల్‌ల ట్రక్ షీట్ పెడతడు. ఏజెంట్, అంటే ఏఐ మోడల్‌తో నడిచే ప్రోగ్రాం, బస్తాల లెక్క సరిచూసి, రియాక్షన్ టూల్‌ను పిలిచి ఆ మెసేజ్ మీద టిక్కు ఎమోజీ పెట్టాలె. టిక్కు పడకపోతే అందరూ చేసే మొదటి పని మోడల్‌ను తిట్టుడు, ప్రాంప్ట్‌ల "తప్పకుండా పెట్టు" అని ఇంకో నాలుగుసార్లు రాసుడు. అది పక్కన పెట్టుండ్రి. డిస్కార్డ్‌ల డెవలపర్ మోడ్ ఆన్ చేసి, ఆ మెసేజ్ ఐడీ కాపీ చేసుకోండి. లాగ్‌ల, అంటే ప్రోగ్రాం చేసిన పనుల రికార్డుల, టూల్‌కు పోయిన ఐడీ పక్కన పెట్టి చివరి నాలుగు అంకెలు కలుస్తున్నయా చూడండి. ఈ పని ఎవరూ చెయ్యరు.

సమస్య: ఎర్రర్ 10008, మెసేజ్ లేదంటది. మెసేజ్ మాత్రం కండ్ల ముందరే ఉంటది.

కారణం చాలాసార్లు మీ టూల్ డాక్యుమెంట్‌లనే, అంటే టూల్‌ను ఎట్ల వాడాలెనో ఏజెంట్‌కు చెప్పే వివరణలనే, ఉంటది. మెసేజ్ ఐడీ రకం దగ్గర "నంబర్" అని రాసి ఉంటది. చూడనీకి అన్నీ అంకెలే కాబట్టి నంబరే అనిపిస్తది. కానీ ఇప్పటి డిస్కార్డ్ ఐడీ 19 అంకెలు. జావాస్క్రిప్ట్ నంబర్ 9007199254740991 దాటినంక ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగ పట్టలేదు. 1234567890123456789 ఇస్తే 1234567890123456800 అయితది. ఏజెంట్ సరిగ్గనే రాసింది, నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపేది) ఆ జేసన్ డేటాను చదివే దగ్గర అంకెలు మారినయి. అందుకే పైథాన్‌ల టెస్ట్ చేసినోళ్లకు ఈ తప్పు కనపడదు, అక్కడ పెద్ద పూర్ణాంకం చెక్కుచెదరదు. "నా సిస్టంల మంచిగనే నడుస్తుంది" అనే లొల్లి ఇక్కడినుంచే మొదలైతది.

గుర్తుపట్టుడు అల్కగ ఉంటది. లాగ్‌ల ఐడీ చివర రెండు సున్నాలుంటే జావాస్క్రిప్ట్‌ను అనుమానించండి. నాలుగు సున్నాలుంటే ఎక్సెల్: అది 15 అంకెలే ఉంచుకొని మిగతావి సున్నా చేస్తది. ట్రక్ షీట్ నంబర్లతోపాటు మెసేజ్ ఐడీలను కూడా షీట్‌ల పెట్టుకునే ఆఫీసుల ఇది మామూలే.

పరిష్కారం: రకం "స్ట్రింగ్", అంటే కోట్స్‌ల ఉండే టెక్స్ట్, చెయ్యండి. వివరణల ఇట్ల రాయండి: "మెసేజ్ ఐడీ. కోట్స్‌ల పెట్టాలె. వచ్చిన మెసేజ్‌ల ఉన్నది ఉన్నట్టు కాపీ చెయ్యాలె. గుర్తుకు తెచ్చుకొని రాయొద్దు." కింద కోట్స్‌తో ఒక ఉదాహరణ ఇయ్యండి, మోడల్ వివరణ కంటే ఉదాహరణనే ఎక్కువ నమ్ముతది. కోడ్‌ల కూడా ఐడీ స్ట్రింగ్ కాకపోతే కాల్‌ను అక్కడనే తిప్పికొట్టాలె. డాక్యుమెంట్ ఒక్కటే దిద్దితే సరిపోదు, ఏజెంట్‌కు సందేశం అందే దారి కూడా చూడాలె. ఎక్సెల్ నుంచో, మధ్యల ఉన్న ఇంకో సర్వీస్ నుంచో ఐడీ ముందే పాడై వస్తే, ఏజెంట్ ఆ తప్పు ఐడీనే శ్రద్ధగ కాపీ చేస్తది. ఎక్సెల్‌ల ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేసి, ఐడీలు మళ్లా కొత్తగ పేస్ట్ చెయ్యాలె. పోయిన అంకెలు ఫార్మాట్ మారిస్తే తిరిగి రావు.

స్లాక్ అనే ఇంకో చాట్ యాప్‌ల ఐడీ బదులు టైమ్‌స్టాంప్ వాడతరు. అక్కడా ఇదే జబ్బు, తీరు వేరు. నంబర్‌గ తీసుకుంటే చుక్క తర్వాత చివరి సున్నా ఎగిరిపోతది. కొన్ని మెసేజ్‌లకే తప్పడంతో నెట్‌వర్క్ మీద నెపం పోతది.

సమస్య: టిక్కు పడ్డది, అయినా ఏజెంట్ మళ్లా మళ్లా పెడ్తుంది.

స్లాక్‌ల ఉన్న రియాక్షన్‌నే మళ్లా పెడితే "ఇప్పటికే ఉంది" అని ఎర్రర్ వస్తది. ఏజెంట్‌కు ఎర్రర్ అంటే పని కానట్టే. "ఈ ఎర్రర్ వస్తే పని అయినట్టే, మళ్లా ప్రయత్నించొద్దు" అని డాక్యుమెంట్‌ల రాయండి. డిస్కార్డ్ 10008కు కూడా మళ్లా పిలవొద్దు, మనిషికి చెప్పాలె అని ఒక లైను పెట్టండి. లేకుంటే ఏజెంట్ ఊహించి ఇంకో ఐడీ కొడ్తది.

సమస్య: టిక్కుతోపాటు "టిక్కు పెట్టిన" అని మెసేజ్ కూడా వస్తుంది.

టూల్ ఏం చేస్తదో రాసిండ్రు, ఎప్పుడు వాడాలెనో రాయలేదు. "జవాబు అవసరం లేనప్పుడు దీన్ని వాడు, వాడినంక ఏమీ రాయకు" అంటే సరిపోతది. ఏ గుర్తుకు ఏ అర్థమో కూడా చెప్పండి: టిక్కు అంటే లెక్క కలిసింది, కండ్లు అంటే చూస్తున్న, ఎర్ర గుర్తు అంటే బస్తాలు తేడా. మూడు చాలు. జాబితా ఇయ్యకుంటే లేని ఎమోజీ పేర్లు పుట్టిస్తది.

సమస్య: డిస్కార్డ్‌ల కొన్ని మెసేజ్‌ల మీదనే ఎర్రర్ 50013.

బాట్‌కు, అంటే ఏజెంట్ వాడే డిస్కార్డ్ ఖాతాకు, రియాక్షన్ పెట్టే పర్మిషన్ లేదు. అదే ఎమోజీ ఎవరో ముందే పెట్టిన చోట మాత్రం పడ్తది, ఎందుకంటే అక్కడ పాత మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఉంటే చాలు. రెండూ ఇయ్యండి.

డిస్కార్డ్‌ల ఒక్క మెసేజ్‌కు 20 రకాల ఎమోజీలు నిండుడు, రేట్ లిమిట్ (కొద్దిసేపట్ల ఇన్ని కాల్స్ మాత్రమే అనే హద్దు) తగులుడు అరుదు. నిండితే 30010, లిమిట్ దాటితే 429 అని లాగే చెప్తది.