టీ గ్లాసు పట్టుకోగానే సిగరెట్ మీదికి మనసు పోతుంటే ఏం చేయాలి?

కడప ఏడురోడ్ల దగ్గర సాయంత్రం ఏదైనా టీ అంగడి ముందు ఐదు నిమిషాలు నిలబడండి. గ్లాసు ఒక చేతికి రాగానే రెండో చెయ్యి దానంతటదే జేబులోకి పోయేవాళ్లు కనిపిస్తారు. నేనూ చాలా ఏళ్లు అందులో ఒకణ్ణి. ఇంట్లో పొద్దుటినుంచి గుర్తురాని సిగరెట్ అక్కడికి రాగానే ఎందుకు గుర్తొస్తుందో అర్థమయ్యాకే మానడం నా చేతికొచ్చింది.

1990ల్లో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు ముందుగా ఒక సంకేతం చూపించి, తర్వాత పండ్లరసం ఇచ్చేవాడు. మొదట్లో రసం నోట్లో పడ్డప్పుడు స్పందించిన, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు, అలవాటయ్యాక సంకేతం కనపడగానే స్పందించడం మొదలుపెట్టాయి. మనకు టీ గ్లాసే ఆ సంకేతం.

అది కనపడగానే మెదడు లోపల స్ట్రయేటం అనే భాగం ఆశపడుతుంది. గొంతులో, ఛాతీలో పుట్టే వెలితిని ఇన్సులా అనే ఇంకో భాగం మనకు తెలియజేస్తుంది. దీన్నీ కలుపుకున్న ఒక నెట్‌వర్క్ ‘ముందు దీని సంగతి చూడు’ అని దృష్టినంతా అటు తిప్పేస్తుంది. 2007లో అమెరికాలో మెదడు దెబ్బతిన్న 69 మంది పొగతాగేవాళ్లను పరిశీలిస్తే, ఇన్సులా దెబ్బతిన్నవాళ్లలో చాలామంది పెద్ద కష్టం లేకుండా మానేశారని తేలింది. బ్రేకు వేయాల్సింది నుదుటి వెనక ఉన్న భాగం. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా, మందు తాగినా ఆ బ్రేకు సరిగా పడదు.

అందుకే మొదటి పని మానడం కాదు, చిట్టా రాయడం. వారం రోజులు ఎక్కడ, ఎవరితో, దేని తర్వాత తాగాలనిపించిందో ఫోన్‌లో రాసుకోండి. నా చిట్టాలో సగానికి పైగా టీ చుట్టూనే తిరిగాయి.

తర్వాత ఆ సంకేతాలను చెడగొట్టాలి. నిలబడి తాగే టీ కూర్చుని తాగండి, అంగడి మార్చండి, కొన్నాళ్లు మజ్జిగకు మారినా మంచిదే. అగ్గిపెట్టె, లైటర్ జేబులో ఉంచుకోవద్దు. ‘ఒకటి పట్టుకో’ అనే స్నేహితుడికి ఏం చెప్పాలో ముందే అనుకోండి. నేను ‘వద్దు మామా, మానేసినా’ అని ఇంట్లోనే నాలుగైదు సార్లు అనుకుని పోయేవాణ్ణి. నవ్వులాటగా ఉంటుంది కానీ, ముందే తేల్చుకున్న మాటకు అక్కడికక్కడ ఆలోచించే పని ఉండదు.

ఇంత చేసినా మనసు లాగుతుంది. అప్పుడు దానితో వాదనకు దిగొద్దు. మా కడపలో బుగ్గవంక వాగుకు నీళ్లొస్తే గట్టున నిలబడి చూస్తాం గానీ అడ్డం పడం కదా, అట్లే. గొంతులో ఉందా, నాలుక మీద ఉందా, ఎంత బిగుతుగా ఉంది అని గమనించండి. చాలాసార్లు కొద్ది నిమిషాల్లో అది పెరిగి, దానంతటదే తగ్గుతుంది. అంతవరకు చేతిలో నాలుగు వేరుశనక్కాయలు పెట్టుకుని ఒలుస్తూ ఉండండి. అనంతపురం వాళ్లకయితే ఈ మాట చెప్పక్కర్లేదు.

చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ ఒంట్లో నికోటిన్ లోటును తగ్గిస్తుంది గానీ, గ్లాసు చూడగానే పుట్టే యావను పెద్దగా ఆపదు. దానికి ఆ సమయంలో నమిలే నికోటిన్ గమ్ కొంత నయం. మీకేది సరిపోతుందో డాక్టరును అడగండి.

మానిన మూడు నెలలకు ప్రొద్దుటూరులో పెళ్లికి పోయి, వంటల డేరా వెనక రెండు తాగేశాను. పాత ముడి మెదడులోంచి చెరిగిపోదు, దాని మీద కొత్త అలవాటు పేరుకుంటుంది, అంతే. పైగా ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట అంత గట్టిగా నిలవదు. కాబట్టి ఒకటి తాగితే అంతా పోయినట్టు కాదు. ఆ డేరాను కూడా చిట్టాలో రాసి, మరుసటి పెళ్లికి సిద్ధపడండి.

పొగాకు మానడానికి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మందుకూ చిట్టా పద్ధతి పనికొస్తుంది కానీ, రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లు ముందు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవాలి, లేదా మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయాలి.