కప్పా, టాప్ ఫోరా: మీ బ్యాచ్‌లో ఈ గొడవ తేల్చాలంటే

మన ఫుట్‌బాల్ టీమ్‌కి ఒక కప్పు రావడం మేలా, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో (టాప్ ఫోర్) ఉండటం మేలా? పటమటలో మా టీ బండి దగ్గర ప్రతి ఆదివారం ఇదే గోల, అందుకే నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నా, మీ బ్యాచ్‌లో ట్రై చేయండి.

ముందు క్రికెట్ వాళ్ళని పక్కన కూర్చోబెట్టి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే గంట వేస్ట్. ఐపీఎల్‌లో టేబుల్ టాపర్ అయినా ఫైనల్ పోతే కప్పు పోయినట్టే, ప్రీమియర్ లీగ్‌లో అసలు ఫైనలే ఉండదు, 38 మ్యాచ్‌లయ్యాక ఎవడు పైనుంటే వాడిదే టైటిల్. మిగతా కప్పులు వేరే పోటీలు. అంతే.

ఇక "నీకు కప్పు కావాలా, మంచి పొజిషన్ కావాలా" అని డైరెక్ట్‌గా అడగొద్దు, నలుగురిలో అందరూ కప్పే అంటారు, అలా అనకపోతే పరువు పోద్ది కదా. తలా ఒక కాగితం ముక్క ఇచ్చి రాయించండి, పక్కోడిది చూడనివ్వొద్దు. ప్రశ్నలో నష్టం కూడా పెట్టాలి: "కప్పొస్తుంది, కానీ లీగ్‌లో 20 టీముల్లో 17వ ప్లేసు, ఓకేనా?" ఇదేం ఊహ కాదండీ, 2025లో టాటెన్‌హామ్‌కి అక్షరాలా జరిగింది, లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడారు, యూరప్ క్లబ్బులు ఆడే యూరోపా లీగ్ ఫైనల్లో మాత్రం మాంచెస్టర్ యునైటెడ్‌ని 1-0తో కొట్టారు, 2008 తర్వాత మొదటి కప్పు. మా బ్యాచ్‌లో ఆ టీమ్ వాడొకడున్నాడు, తెల్లారుజామున మూడింటికి ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా ఏడ్చాడు, నేనేమో ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని లేచి కూర్చున్నా. 16 రోజులకి కోచ్‌ని పీకేశారు. క్లబ్ లెక్క వేరు, ఫ్యాన్ లెక్క వేరు అని అప్పుడే అర్థమైంది నాకు.

తర్వాత ఇంకో మెట్టు దిగండి, 18 అయితే? 18 అంటే కింద డివిజన్‌కి జారిపోవడమే. 2013లో విగాన్ అనే టీమ్ ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్‌లో నాకౌట్ పోటీ) ఫైనల్లో ఆఖరి నిమిషాల్లో హెడర్‌తో మాంచెస్టర్ సిటీని ఓడించింది, మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో 4-1 తిని రెలిగేట్ అయింది. ఈ ప్రశ్న దగ్గర పెన్నులు ఆగిపోతాయి చూడండి.

జవాబులు విప్పేటప్పుడు ఎవరు ఏ టీమో చూడాలి, ఏటా కప్పులు చూసిన సిటీ ఫ్యాన్ "నాకు టైటిలే ముఖ్యం" అంటే దానికి నేను పెద్ద విలువివ్వను. మా ఆర్సెనల్ అన్న మాత్రం నన్ను ఇరికించాడు. 2020లో ఎఫ్‌ఏ కప్ గెలిచారు, లీగ్‌లో 8వ ప్లేసు. 2023లో ముగిసిన సీజన్‌లో చేతికి ఏ కప్పూ రాలేదు, రెండో ప్లేసు. ఈ రెండిట్లో ఏది కావాలంటే ఆయన 2023 రాశాడు. అదేంటన్నా అంటే, "కరోనాలో ఖాళీ స్టేడియంలో గెలిచారు, ఒక్కణ్ణే చూశా, అయిపోయింది. ఆ రెండో ఏడాది మాత్రం నెలల తరబడి ప్రతి శనివారం పండగేరా" అన్నాడు. సో మీరడిగేది కప్పా ర్యాంకా అని కాదు, ఒక్క రాత్రి కావాలా ఏడాదంతా కావాలా అని, ఆ మాట ముందే చెప్పేస్తే మాత్రం ఆట చెడిపోద్ది.

కాగితాలు పారేయకండి, మేలో సీజన్ అయ్యాక మళ్ళీ అడగాలి. టాటెన్‌హామ్ వాడి ముక్క నా ఫోన్ కవర్లో ఉంది, 17కి "ఓకే" అని పెద్దగా రాశాడు, 18 దగ్గర "ఓకే" రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.