కొత్తగా డ్యూటీలో చేరే అమ్మాయిలకి, కోనసీమ నుంచి ఒక సీనియర్ సిస్టర్

నర్సంటే ఓపికమ్మా అని అందరూ చెప్తారు. కోనసీమ ఆసుపత్రుల్లో ఇన్నేళ్లు చేశాక నేను చెప్పేది వేరు. ఓపిక పేషెంటు దగ్గర చూపించండి. సూది గుచ్చుకున్నా, అటెండెంట్లు మీదకొచ్చినా, వరసగా నైట్లు వేసినా మాత్రం కాగితం మీద పెట్టండి. రిజిస్టర్లో లేనిది ఆఫీసు లెక్కలో జరగనట్టే. (బ్రదర్లకీ ఇదే మాట.)

ముందు సూది సంగతి. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకండి. హబ్ కట్టర్లో కోసి తెల్ల డబ్బాలో వేయండి, డబ్బా ముప్పావు నిండగానే మార్చమనండి. నిండిన డబ్బాలో ఇంకా కుక్కేటప్పుడే వేలికి దిగుతుంది. దిగితే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. పారే నీళ్లకింద సబ్బుతో కడిగి, డాక్టరుగారికి చెప్పి, టైముతో సహా రిజిస్టర్లో రాయించండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు రెండు గంటల్లో మొదలైతే మేలు. 72 గంటలు దాటాక ఇవ్వరు. 28 రోజులు మానకుండా మింగాలి.

హెచ్ఐవీ పేరు వింటేనే మనవాళ్లకి కాళ్లు వణుకుతాయి గానీ, ఆ పేషెంటు సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బి అయితే 30 శాతం దాకా ఉంటుంది. కాబట్టి 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులూ వేయించుకుని, ఆఖరి డోసు అయిన నెలా రెండు నెలలకి టైటర్ (టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. 10 గానీ ఆపైన గానీ వస్తే నిశ్చింత. సంబంధాలు చెడతాయని సూది సంగతి దాచే పిల్లలున్నారు. ఏ పెళ్లిపెద్దా మన వార్డు రిజిస్టరు తిరగేయడానికి రాడు.

మన డెల్టాలో చేలున్నన్నాళ్లూ క్యాజువాలిటీకి పురుగుమందు కేసులు తప్పవు. ఆ మందుని మామూలు లాటెక్స్ గ్లౌజులు సరిగా ఆపవు. నైట్రైల్ గ్లౌజులకి ఇండెంట్ పెట్టించండి. పేషెంటు బట్టలు కత్తిరించి తీసి, కవర్లో మూతికట్టి బయట పెట్టించండి. ఒళ్లూ జుట్టూ సబ్బుతో కడిగేటప్పుడు ఏప్రాన్ వేసుకోండి, కిటికీలు తెరిచి పెట్టండి. ఆ తర్వాత మీకే తల తిరిగినా, నోట్లో నీళ్లూరినా, కళ్లు మసకేసినా నిద్రలేక అని సరిపెట్టుకోకుండా డాక్టరుగారికి చూపించుకోండి.

ఇలాంటి కేసు వెనకాలే ఆటోల్లో సగం ఊరు దిగుతుంది. గుంపుతో మాట్లాడితే గొడవే. "మీరేమవుతారండి ఈయనకి?" అని అడిగి, దగ్గరివాళ్లలో ఒక్కరిని పట్టుకుని, పావుగంటకోసారి ఆయనకే సంగతి చెప్తూ ఉండండి. మంచానికీ గుంపుకీ మధ్య ఇరుక్కోకుండా తలుపు వైపు నిలబడండి. ప్రాణం పోయిన సంగతి మాత్రం డాక్టరుగారే చెప్పాలి, ఆ పని మీ నెత్తికెత్తుకోవద్దు. మన రాష్ట్రంలో 2008 చట్టం ప్రకారం నర్సు మీద చేయి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. ఆ మాట పెద్ద అక్షరాలతో గోడమీద బోర్డు పెట్టించమనండి. బయటివాళ్లు కాదు, లోపలివాళ్లే లైంగికంగా వేధిస్తే దానికి 2013 చట్టం ఉంది. పదిమంది గానీ ఆపైన గానీ పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి.

నడుం సంగతి రెండు ముక్కల్లో. పేషెంటుని ఒక్కరే ఎత్తొద్దు. డ్రా షీట్ (పేషెంటు కింద పరిచే అడ్డ దుప్పటి) వేసి ఇద్దరు లాగండి.

నైట్ డ్యూటీలో తోటి సిస్టరుకి అప్పగించి ఇరవై నిమిషాలు కన్ను మూస్తే తప్పేం లేదు, ఇంజెక్షన్ డోసు తప్పడం కన్నా నయం. మూడు దాటాక కాఫీ తాగితే పగటి నిద్ర పోతుంది. బాత్రూం దూరమని నీళ్లు మానేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఖాయం. అన్నిటికన్నా నాకు భయం, పొద్దున్నే స్కూటీ మీద కాలవగట్టు రోడ్డున ఇంటికెళ్లే పిల్లల గురించి. ఒక్క కునుకు పడితే కాలవలోకే. నైట్ దిగినరోజు బస్సో షేర్ ఆటోనో ఎక్కండి.

ఇక మనసు. ఆఫ్ రోజు కూడా నిద్ర పట్టకపోవడం, పేషెంటు మూలుగు విన్నా ఏమీ అనిపించకపోవడం, చేతనైన పనే చేతకానట్టుండటం. బర్నౌట్ అనే ఈ స్థితి పని ఒత్తిడి ఎక్కువకాలం సరిదిద్దకుండా వదిలేస్తే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తేల్చింది. అంటే మీరు బలహీనులని కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అయితే ఫోన్ చేసినంత మాత్రాన రోస్టర్ మారదు. వరసగా ఎన్ని నైట్లు పడ్డాయో, షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లున్నారో తారీకులతో రాసి పెట్టుకోండి. హెడ్ సిస్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్తే "నీకేనా కష్టం?" అంటారు. నలుగురు సంతకాలు పెట్టి, రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తారీకు వేసి స్టాంపు కొట్టించుకుని రండి.