ఆలుగడ్డ ఆకు మీద మచ్చ: ఏ తెగులో తేల్చుకున్నాకే మందు

హైదరాబాద్ చుట్టుపక్కల, ముఖ్యంగా జహీరాబాద్ వైపు, ఆలుగడ్డ చలికాలపు పంట. అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా నాటి, జనవరి, ఫిబ్రవరిలో గడ్డ తీస్తారు. ఈలోపు మచ్చ కనబడగానే ఆకు తెంపుకుని మందుల దుకాణానికి పోవడం, వాళ్లిచ్చింది తెచ్చి కొట్టడం మామూలే. డబ్బు దండగయ్యేది అక్కడే. ఆకుమచ్చ తెచ్చే ముఖ్యమైన తెగుళ్లు రెండు. వాటి తీరు వేరు, వాటి మందులూ వేరు.

మొదటిది ఎర్లీ బ్లైట్, అంటే ఆకుమాడు తెగులు. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం దీనికి కారణం. పగలు 25–30 డిగ్రీల ఎండ, తెల్లవారుజామున మంచు ఉండే మన వాతావరణం దానికి బాగా పడుతుంది. నాటిన 40 రోజులు దాటాక, నేలకు దగ్గరగా ఉన్న ముదురు ఆకుల మీద మొదలవుతుంది. మచ్చ గోధుమ రంగులో పొడిబారి ఉంటుంది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే ఒకదాని లోపల ఒకటిగా వలయాలు కనిపిస్తాయి. పెద్ద ఈనె అడ్డొచ్చిన చోట మచ్చ ఆగిపోయి మూలలు తేలుతుంది. నత్రజని చాలక, నీళ్లు చాలక నీరసించిన పైరు మీద ఇది ఎక్కువ.

రెండోది లేట్ బ్లైట్. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి దీనికి కారణం. 1845లో ఐర్లాండ్‌లో ఆలుగడ్డ పంటను ఊడ్చేసి కరువు తెచ్చింది ఇదే. మచ్చ ఆకు కొన నుంచో అంచు నుంచో నీళ్లలో నానినట్టు మొదలవుతుంది. వలయాలుండవు, ఈనెల దగ్గర ఆగదు, చూస్తుండగానే నల్లబడుతుంది. కాండం మీద కూడా గోధుమ చారలు వస్తాయి. కొండ ప్రాంతాల్లో లాగా మన దగ్గర ఏటా రాదు. కానీ చలి రోజుల్లో మొగులు పట్టి, మంచు కురిసి, 2–3 రోజులు ఆకు తడి ఆరలేదంటే రావచ్చు. వచ్చి కుదురుకుంటే వారం, పది రోజుల్లో పొలం మాడిపోతుంది.

అనుమానముంటే తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఉంది. మచ్చ ఉన్న ఆకులు నాలుగు తెంపి, తడిపి పిండిన కాగితంతో పాటు పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టండి. రాత్రంతా చల్లటి గదిలో ఉంచి, పొద్దున ఆకు తిప్పి చూడండి. అడుగున మచ్చ అంచు వెంబడి తెల్లటి సన్న నూగు వస్తే లేట్ బ్లైట్. పొలంలో కూడా ఎండ ఎక్కకముందే ఆకు అడుగున చూడాలి, పది గంటలకు ఆ నూగు ఆరిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ మచ్చకైనా కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కొట్టడం అలవాటైపోయింది. అది ఆల్టర్నేరియా మీద పనిచేయదు, ఫైటోఫ్తోరా మీద అసలే పనిచేయదు. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి కొడితే ఫలితం కనిపించేది మాంకోజెబ్ వల్లే. అలాగే హెక్సాకొనజోల్, టెబ్యుకొనజోల్ లాంటి మందులు లేట్ బ్లైట్‌ను ఆపలేవు.

విత్తనం దగ్గర జాగ్రత్తపడితే సగం పని అయినట్టే. బోయిన్‌పల్లి మార్కెట్లో తినడానికి అమ్మే గడ్డను విత్తనంగా వాడొద్దు. అది ఏ పొలంలో పండిందో, ఏ తెగులు మోసుకొచ్చిందో తెలియదు. ధ్రువీకరించిన విత్తనం తెచ్చినా బస్తా విప్పి ఏరాలి. కుంగి ఊదా రంగు తిరిగిన గడ్డను కోసి చూడండి, తొక్క కింద ఇటుక రంగు కుళ్లు ఉంటే అది లేట్ బ్లైట్. అలాంటివి పారేయండి. కడిగినా పోని నల్లమట్టిలా తొక్కకు అంటుకున్న పెచ్చులు రైజోక్టోనియా అనే మరో శిలీంధ్రానివి. వాటికి 3 శాతం బోరిక్ యాసిడ్‌లో అరగంట ముంచే పద్ధతి ఉంది కానీ, అది కోల్డ్ స్టోరేజీలో పెట్టేముందు చేసే పని. మొలకలొచ్చాక ముంచితే మొలకలు మాడతాయి.

నాటేముందు గడ్డలను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి 10 నిమిషాలు ముంచి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. తడిగానే గోనెల్లో కుక్కితే మందు వేసినా కుళ్లుతాయి. 30–40 గ్రాముల గడ్డను కోయకుండా నాటడమే మేలు. కోయక తప్పకపోతే ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్లుండాలి, కోసిన ముఖం గట్టిపడేదాకా రెండు రోజులు నీడలో పలుచగా పరచాలి. కుఫ్రీ జ్యోతి అనే ఆలుగడ్డ రకం 1968లో విడుదలైనప్పుడు లేట్ బ్లైట్‌ను తట్టుకునేది. ఇప్పుడు ఆ నమ్మకంతో మందు మానుకోవద్దు.

టమాట, వంగ, మిరప వేసిన మడిలో వెంటనే ఆలుగడ్డ వద్దు. మధ్యలో రెండేళ్లు మొక్కజొన్న, జొన్న లాంటివి వేయండి. స్ప్రింక్లర్ కంటే డ్రిప్ నయం, ఆకు తడవదు. నెల రోజులకు మట్టి బాగా ఎగదోయాలి. ఆకు మీది బీజాలు వాన నీటితో నేల పగుళ్లలోంచి గడ్డ దాకా దిగకుండా ఆపేది ఆ మట్టే.

ఇక మందులు. 40–45 రోజులకు, మచ్చ కనబడినా కనబడకున్నా, మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకు 2.5 గ్రాముల చొప్పున కొట్టండి. 16 లీటర్ల ట్యాంకుకు 40 గ్రాములు. ఎదిగిన పైరుకు ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, అంటే 12–13 ట్యాంకులు పడతాయి. ఆరు ట్యాంకులతో ముగిస్తే పై ఆకులే తడుస్తాయి, తెగులు మొదలయ్యే కింది ఆకులు అలాగే ఉంటాయి. పొడిని ముందు మగ్గులో పలచటి ముద్దలా కలిపి అప్పుడు ట్యాంకులో పోయాలి, లేకపోతే గడ్డలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పుతూ ఆకు అడుగు తడపండి. 10 రోజులకోసారి మళ్లీ కొట్టాలి. ఆరకముందే వాన పడితే ఆ విడత లెక్కలోకి రాదు.

ఆకుమాడు పైకి ఎక్కుతుంటే అజాక్సీస్ట్రోబిన్ 23 శాతం లీటరుకు 1 మి.లీ. కొట్టండి. దాన్నే వరసగా వాడితే తెగులు మందుకు అలవాటుపడుతుంది, కాబట్టి మధ్యలో మాంకోజెబో, లీటరుకు 2 గ్రాముల క్లోరోథలోనిలో వాడాలి.

లేట్ బ్లైట్ అని తేలితే రేపటికి వాయిదా వేయొద్దు. సైమోక్సానిల్ 8, మాంకోజెబ్ 64 శాతం కలిసిన పొడి లీటరుకు 3 గ్రాములు, లేదా డైమెథోమార్ఫ్ 1 గ్రాము, మాంకోజెబ్ 2 గ్రాములు కలిపి కొట్టాలి. వారం తర్వాత ఈ రెండింటిలో వాడనిదానికి మారండి. మెటలాక్సిల్ మిశ్రమం ముందుజాగ్రత్తగా ఒకసారి వాడితే సరే. మచ్చలు వచ్చాక దాన్ని నమ్ముకోవద్దు, ఆ మందును తట్టుకునే ఫైటోఫ్తోరా రకాలు పుట్టి చాలాకాలమైంది. చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, గాలికి ఎదురుగా నిలబడకుండా కొట్టండి. ఆఖరి పిచికారీకి, గడ్డ తీతకు మధ్య ఎన్ని రోజులుండాలో డబ్బా మీద చూసుకోండి.

తెగులు ముప్పాతిక వంతు ఆకును తినేస్తే ఇక మందు దండగ. తీగలు నేల మట్టానికి కోసి పొలం బయట పూడ్చేసి, నీళ్లు ఆపి, 10–15 రోజులు ఆగి తొక్క గట్టిపడ్డాక గడ్డ తీయండి.

మిద్దె తోటలో నాలుగైదు గ్రో బ్యాగుల్లో పెంచేవారికి ఇంత మందు అక్కర్లేదు. టమాట కుండీలకు దూరంగా పెట్టి, నీళ్లు ఆకు మీద కాకుండా మట్టిలో పోస్తూ, మచ్చ పడ్డ కింది ఆకులు ఎప్పటికప్పుడు తుంచేస్తే చాలామటుకు సరిపోతుంది. తుంచినవి మాత్రం కంపోస్టు డబ్బాలో వేయొద్దు.