ఇంట్లోనే స్క్రీన్‌ప్లే – 7వ పాఠం: ఆలుమగల గొడవ రాయడం

పోయిన పాఠంలో కూరగాయల బండి దగ్గర బేరం రాయమన్నాను. రాసినవాళ్లు ఆ కాగితం ఒకసారి ముందు పెట్టుకోండి. బేరంలో ఇద్దరూ మాట్లాడేది ధర గురించే, ఇద్దరికీ కావలసిందీ ధరే. అందుకే అది తేలిగ్గా వచ్చి ఉంటుంది. ఆలుమగల గొడవ దగ్గరికి వచ్చేసరికి నోట్లో మాట ఒకటి, మనసుకు కావలసింది ఇంకొకటి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఈ సన్నివేశాన్నే. పాత్రలిద్దరూ కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు, అదీ పూర్తి వాక్యాల్లో, ఉపన్యాసంలాగా. పదేళ్లు కాపురం చేసినవాళ్లు ఎక్కడైనా అలా మాట్లాడుకుంటారా?

ఈ పాఠానికి 2008లో వచ్చిన 'రివల్యూషనరీ రోడ్' చూడండి. రిచర్డ్ యేట్స్ 1961లో రాసిన నవలకు జస్టిన్ హేత్ స్క్రీన్‌ప్లే రాస్తే సామ్ మెండెస్ తీశాడు. 'టైటానిక్' తర్వాత పదకొండేళ్లకు కేట్ విన్‌స్లెట్, లియొనార్డో డికాప్రియో మళ్లీ జంటగా నటించింది ఇందులోనే. కథ 1955లో, కనెక్టికట్‌లోని ఒక శివారు కాలనీలో జరుగుతుంది. భర్త ఫ్రాంక్ రోజూ రైలెక్కి న్యూయార్క్ వెళ్లి, ఒకప్పుడు వాళ్ల నాన్న పనిచేసిన కంపెనీలోనే ఇష్టంలేని ఉద్యోగం చేస్తుంటాడు. నటి కావాలనుకున్న అతని భార్య ఏప్రిల్ ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉండిపోయింది. ఇల్లు అమ్మేసి పారిస్ వెళ్లిపోదాం, అక్కడ నేను ఉద్యోగం చేస్తాను, నీకేం కావాలో నువ్వు తేల్చుకో అంటుంది. ముందు సరేనంటాడు. ఆ తర్వాత అతనికి ప్రమోషన్ ఆశ, ఆమెకు మూడోసారి గర్భం.

కథ చెప్పింది ఇంతవరకే. మనక్కావలసినవి రెండు సన్నివేశాలు.

మొదటిది రోడ్డు పక్కన కారు దగ్గర. ఏప్రిల్ వేసిన నాటకం అందరి ముందూ తేలిపోయింది. ఇంటికి వెళ్తూ ఫ్రాంక్ ఓదార్చబోతాడు, తప్పు నీది కాదంటాడు. ఆ సంగతి ఇక వద్దంటుంది ఆమె. అయినా ఊరుకోడు. కారు ఆపుతాడు, ఆమె దిగిపోతుంది, కేకలు మొదలవుతాయి, చివరికి అతను కారు మీద గుద్దుతాడు. ఇక్కడ ఇద్దరికీ ఏం కావాలో కాగితం మీద రాయండి. ఆమెకు కావలసింది ఇంటికి చేరేదాకా మౌనం. అతనికి కావలసింది మాత్రం, తను మంచి భర్తనని ఆమె ఒప్పుకోవడం. ఓదార్పు మాటలతోనే గొడవ పుట్టించాడు రచయిత. ఇందులో దుర్మార్గుడు లేడు, దురుద్దేశం లేదు. ఇద్దరి కోరికలూ ఒకే కారులో పట్టలేదు, అంతే.

రెండోది సినిమా చివరి భాగంలో వచ్చే ఉదయం టిఫిను. నా లెక్కలో ఈ సినిమాకు ప్రాణం అదే. ముందు రోజు ఇద్దరూ ఒకరినొకరు అనకూడని మాటలన్నీ అనుకున్నారు. తెల్లారి ఫ్రాంక్ వంటగదిలోకి వస్తే ఏప్రిల్ శుభ్రంగా తయారై, టేబుల్ సర్ది, గుడ్లు ఎలా చెయ్యమంటావని అడుగుతుంది. అతని ఉద్యోగం గురించీ అడుగుతుంది. అతను పొంగిపోయి, బొమ్మ గీసి మరీ కంప్యూటరు ఎలా పనిచేస్తుందో వివరిస్తాడు. ఆమె శ్రద్ధగా వింటుంది. ఒక్క పరుషమైన మాట కూడా ఉండదు. అయినా చూస్తున్నంతసేపూ మనకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆమె అతన్ని ఇంటికొచ్చిన అతిథిలాగా చూస్తోంది. అతిథితో గొడవపడరు కదా. ఆ తర్వాత ఏం జరిగిందో చూడనివాళ్ల కోసం ఇక్కడ చెప్పను.

ఈ సన్నివేశాన్ని ముందు శబ్దం తీసేసి చూడండి. ఆమె చేతులు ఏం చేస్తున్నాయి, అతని కళ్లు ఎక్కడున్నాయి, అవి మాత్రమే రాసుకోండి. తర్వాత శబ్దం పెట్టి చూస్తే మాటకూ చేతకూ మధ్య ఎంత దూరముందో మీకే తెలుస్తుంది.

ఇదే సినిమాలో మైకేల్ షానన్ వేసిన జాన్ పాత్ర రెండంటే రెండు సన్నివేశాల్లో కనిపిస్తుంది. అతను మానసిక చికిత్సలో ఉన్న గణిత శాస్త్రజ్ఞుడు, అందరూ దాచుకున్నదాన్ని మొహం మీదే అనేస్తాడు. ఆ పాత్రకు షానన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కానీ నేర్చుకునే దశలో అలాంటి పాత్ర జోలికి వెళ్లొద్దు. నిజం చెప్పే మనిషి ఒకడు చేతిలో ఉంటే మిగతావాళ్ల చేత నిజం దాచి మాట్లాడించడం మీకు ఎప్పటికీ అలవాటు కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బెజవాడ బందరు రోడ్డు మీద కానూరు దాటి పోరంకి, పెనమలూరు వైపు వెళ్తే ఒకప్పటి పొలాలన్నీ ఇప్పుడు వెంచర్లు, అపార్ట్‌మెంట్లు. అప్పు చేసి కొన్న ఇల్లు, నెలనెలా ఈఎంఐ, పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చే మగమనిషి. కనెక్టికట్‌ను దిగుమతి చేసుకోవలసిన పని లేదు. భర్త గుంటూరులో బ్యాంకు ఉద్యోగి, రోజూ వెళ్లొస్తాడు. భార్యకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, 'తర్వాత చూద్దాంలే' అని అతను వారంగా దాటేస్తున్నాడు. అనుకుందాం. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

భార్య: నా కలల్ని మీరు ఏనాడూ అర్థం చేసుకోలేదు. ఈ ఇంట్లో నా జీవితం వృథా అయిపోతోంది.
భర్త: నేను ఇంత కష్టపడేది ఎవరి కోసం? నీ కోసం, పిల్లాడి కోసం కాదా?

ప్రేక్షకుడికి ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇదే గొడవను నీళ్ల మోటారు మీద పెట్టి రాద్దాం. రాత్రి ఎనిమిదింపావు. ట్యాంకు నిండి నీళ్లు సన్‌షేడ్ మీద పడుతున్న చప్పుడు. భర్త బ్యాగు భుజాన ఉండగానే:

భర్త: ఎంతసేపట్నించి వేసుంది మోటారు?
భార్య: నిండితే కట్టెయ్యమని చింటూకి చెప్పాను.
భర్త: వాడు చదువుకుంటాడా, మోటారు చూస్తాడా?
భార్య: చింటూ, మీ నాన్నగారికి మంచినీళ్లివ్వు.
భర్త: నేను నీతో మాట్లాడుతున్నా.
భార్య: వినపడుతోంది. (వెళ్లి మోటారు కట్టేస్తుంది. చప్పుడు సన్నగిల్లి ఆగుతుంది.) పప్పు వేడిచెయ్యనా, ఇలాగే తింటారా?
భర్త: హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేశారా?
భార్య: చేశారు.
భర్త: ఏం చెప్పావ్?
భార్య: వేడిచేస్తాను, చల్లగా ఉంటే మీరు తినరు.

'చింటూ, మీ నాన్నగారికి మంచినీళ్లివ్వు' దగ్గర ఆగండి. పిల్లాణ్ణి మధ్యన పెట్టి మాట్లాడటం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆమె అతన్ని తిట్టలేదు, మర్యాద కూడా తప్పలేదు, కానీ అతనికి నేరుగా జవాబివ్వడం మానేసింది. అతను వెంటనే 'నేను నీతో మాట్లాడుతున్నా' అనడంలోనే దెబ్బ తగిలినట్టు తెలుస్తుంది. హైదరాబాద్ ప్రస్తావన అతని నోటే రావడం కూడా కావాలని రాసిందే. వారం నుంచి ఎవరి మనసులో అది ఎక్కువగా నలుగుతోందో ప్రేక్షకుడికి అక్కడ తెలిసిపోతుంది. ఆ మాట ఆమె చేత అనిపిస్తే సన్నివేశం మళ్లీ ఫిర్యాదుగా మారిపోతుంది.

మోటారే ఎందుకంటే, దాన్ని ఎవరో ఒకరు లేచి కట్టెయ్యాలి. గొడవకు ఎంచుకునే వస్తువు ఏదైనా అలా చేతులకు పని పెట్టేదై ఉండాలి. గ్యాస్ సిలిండర్ మార్చడం, స్కూలు యూనిఫాం ఇస్త్రీ, పార్కింగులో అడ్డంగా పెట్టిన బండి, ఏదైనా సరే. టీవీ ముందు కూర్చుని పోట్లాడుకునే సన్నివేశం రాయకండి. నటులకు చేసేదేమీ ఉండదు, మాటల మీదే బరువంతా పడుతుంది.

ఈ వారం అభ్యాసం. ఇదే జంటను మర్నాడు పొద్దున్న ఏడు గంటలకు వంటింట్లో పెట్టండి. అతను గుంటూరు బస్సుకు బయలుదేరాలి, ఆమె క్యారేజీ సర్దుతోంది. రాత్రి భోజనాల తర్వాత పెద్ద గొడవే జరిగింది, అది మీరు రాయకూడదు. హైదరాబాద్, ఉద్యోగం అనే మాటలు ఎవరి నోటా రాకూడదు. గొంతులు పెరగకూడదు. ఆమె వెళ్లాలని నిర్ణయించుకుందో, మానుకుందో అతనికి తెలియకుండా మనకు మాత్రం తెలియాలి, అదీ ఆమె చేతిలో ఉన్న వస్తువు వల్లే తెలియాలి. ఒకటిన్నర పేజీ దాటొద్దు. రాశాక ఇంట్లో ఇద్దరి చేత పైకి చదివించి, చదివేవాళ్లు ఏ మాట దగ్గర తడబడ్డారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. 8వ పాఠం ఆ గీతలతోనే మొదలుపెడదాం.