లాటిన్ పద్యం చదవాలా? ముందు గురులఘువులు గుర్తుతెచ్చుకోండి

లాటిన్ కవిత్వం మొదలుపెట్టినప్పుడు నేను చేసిన తప్పు, పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టుకుని పదానికి పదం అర్థం రాసుకుంటూ పోవడం. నెలలు గడిచాయి, మాటలు వచ్చాయి గానీ పద్యం రాలేదు. బడిలో తిట్టుకుంటూ చేసిన గణవిభజన ఇక్కడ పనికొస్తుందని అప్పట్లో తట్టలేదు.

ముందు ఉచ్చారణ సంగతి తేల్చుకోండి. మనం సిసిరో అంటున్న రోమన్ వక్తని ఆనాటి రోమన్లు కికెరో అనేవాళ్లు. చర్చి లాటిన్‌లో ఆయనే చిచెరో. వీడియోలు వింటూ నేర్చుకుంటే రెండూ కలిసిపోయి తికమక అవుతుంది, అందుకే పాత పద్ధతినే పట్టుకోండి. పుస్తకం కొనేటప్పుడు దీర్ఘాచ్చుల మీద గీతలు ఉన్నదే కొనండి, అవి లేకపోతే ఛందస్సు దగ్గర చుక్కలు కనిపిస్తాయి.

ఇక రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనీడ్ అనే మహాకావ్యం మొదటి పంక్తి: "అర్మ విరుమ్‌క్వె కనో, త్రోయ్యై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్". పైకి చదివి గణాలు కట్టండి. అర్మవి, రుమ్‌క్వెక, నోత్రోయ్, యైక్వీ, ప్రీముస, బోరీస్. అంటే భ, భ, గగ, గగ, భ, గగ. పంక్తికి ఆరు గణాలు, ఒక్కోటి నాలుగు మాత్రలు. కందంలో వాడే ఐదు గణాల్లో రెండు ఇవే! మొదటి నాలుగు చోట్ల భ గానీ గగ గానీ రావచ్చు, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే, చివరి అక్షరం ఏదైనా గురువుగానే లెక్క. హల్లుల జంట ముందున్న అక్షరం మనకిలాగే గురువు. అయితే వాళ్లు పదం ఎక్కడ విరిగిందో పట్టించుకోరు, పంక్తి మొత్తాన్ని ఒకే మాటలా చూస్తారు. పదం చివరి అచ్చు తర్వాత మరో పదం అచ్చుతో మొదలైతే మన ఉత్వసంధిలోలాగా మొదటిది ఎగిరిపోతుంది, పదం చివర "మ్" ఉన్నా అంతే.

అర్థం కూడా తెలుగులోనే చెప్పుకోండి. "ఆయుధాలనూ వీరుణ్ణీ పాడుతున్నాను." ఆ "క్వె" మన "ఊ"లాగే పదం వెనకాల అంటుకుంటుంది. విభక్తులు పదంలోనే ఉంటాయి కాబట్టి మాటలు ఎటు తిరిగినా మనం కంగారుపడక్కర్లేదు.

రోజుకు ఐదు పంక్తులు చాలు. మొత్తం పుస్తకం 9,896 పంక్తులు, తొందరపడి లాభం లేదు. మధ్యలో విసుగొస్తే మరో రోమన్ కవి కటుల్లుస్ రాసిన రెండు పంక్తుల "ఓదీ ఎత్ అమో" (ద్వేషిస్తున్నా, ప్రేమిస్తున్నా) తీసుకోండి. అందులో ఎనిమిది క్రియలున్నాయి, నామవాచకం ఒక్కటీ లేదు.

పద్యంతో పాటు లాటిన్ ఉపన్యాసాలూ చదవాలనుకుంటే, వక్తృత్వానికి సిద్ధాంతంతో మొదలుపెట్టకండి, నిద్రొస్తుంది. క్రీ.పూ. 63లో సిసిరో సెనేట్‌లో కుట్రదారు కతిలీనా మీద విరుచుకుపడ్డ మొదటి ఉపన్యాసం తీయండి. "ఎంతకాలం మా ఓపికతో ఆడుకుంటావు కతిలీనా" అన్న మొదటి ప్రశ్న తర్వాత కాస్త కిందే ఒక పొడుగాటి వాక్యం ఉంది. కొండ మీద రాత్రి కాపలా, ఊళ్లో గస్తీ, జనం భయం, ఇలా ఒక్కొక్కదాని ముందూ "నిహిల్" (ఏమాత్రం కాదు) పెడుతూ ఆరుసార్లు తిప్పి, ఇవేవీ నిన్ను కదిలించలేదా అని అడుగుతాడు. క్రియ ఒక్కటే, అదీ చిట్టచివర. ఇంగ్లీషులోకి తెస్తే ఆ క్రియ ముందుకు జరిగిపోయి బిగువు సడలుతుంది, తెలుగులో దాని చోటు దానికే ఉంటుంది.

వక్తృత్వానికి రోమన్లు చెప్పిన ఐదు భాగాల్లో జ్ఞాపకం ఒకటి, పలికే తీరు ఒకటి. కాబట్టి ఈ వాక్యం కంఠతా పట్టి, నిలబడి, గొంతెత్తి చెప్పండి. తలుపు వేసుకుంటే మంచిది, మా ఇంట్లో ఎవరితో గొడవపడుతున్నానా అని వచ్చి చూశారు.